వినతిపత్రం కాదమ్మా, ప్రశ్న రాయండి

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. ఊరి పేరు వెయ్యకండి. మా ఊర్లో మగవాళ్ళు సీజను మొదలయ్యేసరికి గుజరాత్‌లోని వీరావల్ వెళ్ళి అక్కడి మరబోట్ల మీద పనిచేస్తారు. రెండేళ్ళ కిందట మా బావ రాత్రిపూట బోటు మీదనుంచి సముద్రంలో పడిపోయాడు. శవం దొరకలేదు. దొరకలేదని మరణ ధ్రువపత్రం ఇవ్వలేదు, అది లేదని బీమా రాలేదు, పెన్షనూ రాలేదు. మా అప్పకి, అంటే మా అక్కకి, ఇద్దరు గుంటలు (పిల్లలు). కనపడిన ఆఫీసులన్నిటిలో వినతిపత్రాలు ఇచ్చాం. "ఇది పార్లమెంటులో లేవనెత్తాల్సిన విషయం" అని ఒకాయన అన్నారు. అందుకని శ్రీకాకుళం ఎంపీగారిని కలుద్దామనుకుంటున్నాం. ఊర్లోనేమో "పార్లమెంటులో అడిగితే కడుపు నిండుతుందా" అంటున్నారు. గొడవ చేస్తే వచ్చే సీజనుకి ఓనర్లు మనవాళ్ళని పిలవరని ఇంకొందరి భయం. నేను బీఎస్సీ చదివాను. పార్లమెంటులో అడగడం అంటే అసలేం చేస్తారు? మాలాంటివాళ్ళ మాట అక్కడిదాకా ఎలా వెళ్తుంది? వెళ్తే ఏమైనా జరుగుతుందా?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం చదివాక ఆ రోజంతా ఇంకో పని చెయ్యలేకపోయాను. శవం దొరకని చావు ఇంట్లోవాళ్ళని ఎలా తినేస్తుందో నేను దగ్గరనుంచి చూశాను. బొట్టు పెట్టుకుంటే ఒకరు మాటంటారు, పెట్టుకోకపోతే ఇంకొకరు అంటారు. కర్మ చెయ్యాలా వద్దా అన్నది తేలదు. ఆ పైన ప్రతి ఆఫీసులోనూ "సర్టిఫికెట్ తెచ్చారా" అన్న మాట. మీ అప్పకి ముందుగా నా నమస్కారం చెప్పండి.

నాది విజయనగరం. ఢిల్లీలో ఒక ఎంపీగారి ఆఫీసులో కొన్నేళ్ళు పనిచేశాను. నియోజకవర్గం నుంచి వచ్చే అర్జీలు చదవడం, వాటిలోంచి సభలో అడగదగిన ప్రశ్నలు తయారుచెయ్యడం నా పని. కాబట్టి మీరు అడిగినదానికి చేతనైనంత వివరంగా చెబుతాను. కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు మీరు వెళ్ళాల్సిన గుమ్మం గురించి. మీ జిల్లా శ్రీకాకుళమే గానీ, మీ ఎంపీ శ్రీకాకుళం ఎంపీ కాదు. ఎచ్చెర్ల అసెంబ్లీ నియోజకవర్గం విజయనగరం లోక్‌సభ స్థానం కిందికి వస్తుంది. ఎచ్చెర్ల, రణస్థలం, లావేరు, జి.సిగడాం మండలాలవాళ్ళు ఓటు వేసేది విజయనగరం ఎంపీకే. జిల్లా ఒకటి, లోక్‌సభ స్థానం ఇంకొకటి కావడంతో మీ వైపు ఎంతోమంది ఇలాగే పొరపడతారు. ఇంకో సంగతి కూడా ఉంది. శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడుగారు 2024 జూన్ నుంచి కేంద్ర మంత్రి. మంత్రులు సభలో ప్రశ్నలు అడగరు, అడిగినవాటికి జవాబు చెబుతారు. ఆయన సాటి మంత్రికి ఉత్తరం రాయగలరు, ఫోను చెయ్యగలరు, అదీ చిన్న సాయం కాదు. ప్రశ్న వెయ్యడానికి మాత్రం మంత్రి కాని సభ్యుడు కావాలి. మీ విజయనగరం ఎంపీ అడగొచ్చు. మన రాష్ట్రం నుంచి రాజ్యసభలో ఉన్న 11 మందిలో మంత్రులు కానివాళ్ళు ఎవరైనా అడగొచ్చు. అసలు ఏ రాష్ట్రం ఎంపీ అయినా అడగొచ్చు, మీ ఊరివాడే కానక్కర్లేదు. కేరళ, తమిళనాడు తీరాల ఎంపీలు మత్స్యకారుల గురించి తరచూ ప్రశ్నలు వేస్తుంటారు. ఒక గుమ్మం దగ్గర ఆలస్యమైతే ఇంకో గుమ్మం ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న పనిని రెండుగా విడదీయాలి. మీ బావ ఒక్కడి కేసు ఒకటి. అలా గల్లంతైనవాళ్ళందరి సమస్య ఇంకొకటి. సభలో ప్రశ్న రెండోదానికే పనికొస్తుంది. ఒక మనిషి క్లెయిము ఎందుకు ఆగిందని ప్రశ్న వేస్తే నోటీసు దశలోనే పక్కన పెట్టేస్తారు. ఒక్కొక్కరి కేసుకి దారి వేరు. ఎంపీగారి లెటర్‌హెడ్ మీద సంబంధిత మంత్రికి ఉత్తరం రాయించడం, మత్స్యశాఖ జిల్లా అధికారి దగ్గర క్లెయిము ఏ దశలో ఉందో సమాచార హక్కు కింద 10 రూపాయలు కట్టి అడగడం. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మీ అప్ప పని ఆ దారిలో నడిపించండి. ప్రశ్న దారిలో ఊరందరి పని నడిపించండి. వినతిపత్రాల్లో ఈ రెండూ కలిపి రాస్తారు. చదివినవాళ్ళకి జాలి కలుగుతుంది, ఎక్కడ పట్టుకోవాలో మాత్రం తెలియదు. నా టేబుల్ మీదికి వచ్చిన అర్జీల్లో ముప్పాతికవంతు అలాంటివే. అందులో బాధ నిజం, కానీ అడిగింది ఏమిటో ఎంత వెతికినా దొరికేది కాదు.

పార్లమెంటులో అడగడమంటే ఏమిటన్నారు కదా. లోక్‌సభ కూర్చున్న రోజు ఉదయం 11 నుంచి 12 దాకా ప్రశ్నోత్తరాల సమయం. రాజ్యసభలో 12 నుంచి 1 దాకా. ప్రశ్నలు ముఖ్యంగా రెండు రకాలు. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకి మంత్రి సభలో నిలబడి జవాబు చెబుతారు. దాని మీద అప్పటికప్పుడు అనుబంధ ప్రశ్నలు వెయ్యొచ్చు. లోక్‌సభలో రోజుకి ఇలాంటివి 20 మాత్రమే జాబితాకి ఎక్కుతాయి, ఆ గంటలో నాలుగైదు దాటడం కష్టం. మిగిలినవాటికి రాతపూర్వకంగా జవాబు వస్తుంది. గుర్తు లేని ప్రశ్నకి మొదటినుంచీ రాతపూర్వక జవాబే. లోక్‌సభలో రోజుకి 230 దాకా ఉంటాయి. టీవీలో కనపడేది మొదటి రకం. మీకు ఎక్కువ పనికొచ్చేది రెండో రకం. దాన్ని చిన్నచూపు చూడకండి. ఒక మంత్రిత్వ శాఖ కూర్చుని, రాష్ట్రాలనుంచి లెక్కలు తెప్పించుకుని, మంత్రి పేరు మీద సభ ముందు పెట్టే కాగితం అది. అందులో తప్పు చెబితే సభకి తప్పు చెప్పినట్టు. మీ జిల్లా ఆఫీసు గుమాస్తా నోటితో చెప్పిన మాటకీ, ఆ కాగితానికీ బరువులో పోలికే లేదు. జవాబులు అదే రోజు పార్లమెంటు వెబ్‌సైటులో పెడతారు, హిందీలోనూ ఇంగ్లీషులోనూ. మీరు ఫోనులోనే చూసుకోవచ్చు.

ప్రశ్న ఊరికే పడిపోదు. ఎంపీ కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఒక్కో శాఖకి వారంలో ఒక్కో రోజు కేటాయిస్తారు, ఆ రోజుకి వచ్చిన నోటీసుల్లోంచి లాటరీ తీస్తారు. లోక్‌సభలో ఒక ఎంపీ రోజుకి అయిదింటికి మించి నోటీసు ఇవ్వకూడదు. అంటే మీ ప్రశ్న మొదటిసారే జాబితాకి ఎక్కకపోవచ్చు. అలాంటప్పుడు ఎంపీ మీద కోపం తెచ్చుకోకండి, అదే ప్రశ్న తర్వాతి వారానికి మళ్ళీ ఇమ్మని అడగండి. ఇద్దరు ముగ్గురు ఎంపీలకి అదే కాగితం ఇస్తే ఎవరో ఒకరి పేరు లాటరీలో తగులుతుంది.

తర్వాతది చాలామందిని దెబ్బతీసే విషయం. కేంద్రానికి సంబంధం లేని సంగతి అడిగితే ప్రశ్నని తీసుకోరు, తీసుకున్నా "ఇది రాష్ట్ర విషయం" అని ఒక్క వాక్యంతో తిప్పి పంపుతారు. రాజ్యాంగం ప్రకారం చేపల పెంపకం, వేట రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. కానీ ప్రాదేశిక జలాలు దాటిన తర్వాత, అంటే 12 నాటికల్ మైళ్ళ అవతల, వేట కేంద్ర జాబితాలోకి వస్తుంది. విదేశాంగం పూర్తిగా కేంద్రానిదే. కేంద్రం డబ్బు పెట్టే పథకాలకి కూడా కేంద్రం జవాబుదారీ. కాబట్టి మీ కష్టంలో కేంద్రాన్ని పట్టుకోగల కొస ఎక్కడుందో వెతకాలి.

మీ విషయంలో ఆ కొస గట్టిగానే ఉంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో మత్స్యకారులకి సమూహ ప్రమాద బీమా ఉంది. చనిపోయినా, పూర్తి శాశ్వత వైకల్యం వచ్చినా 5 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి రెండున్నర లక్షలు, ఆసుపత్రి ఖర్చుకి 25,000. ప్రీమియం మత్స్యకారుడు కట్టనక్కర్లేదు, కేంద్రం, రాష్ట్రం పంచుకుంటాయి. కేంద్రం వాటా ఉంది గనక ఇది రాష్ట్ర విషయమని తప్పించుకోలేరు. మీ బావ మనిషి ఇక్కడివాడు, బోటు అక్కడిది. అతని పేరు ఏ రాష్ట్రం నమోదు చెయ్యాలి? శవం దొరక్కపోతే ఏం చూపించాలి? మామూలు చట్టంలో కనిపించకుండా పోయిన మనిషిని చనిపోయినట్టు భావించడానికి ఏడేళ్ళు ఆగాలి. నడిసముద్రంలో బోటు మీదనుంచి పడినవాడికి కూడా ఆ ఏడేళ్ళేనా? మీ పిల్లలు చదువుకోవాల్సిన ఏళ్ళు అవే కదా. ఇదే ప్రశ్న.

పెన్షను, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధ కాలంలో ఇచ్చే 20,000 భృతి, మీ తీరంలో జెట్టీ లేదా హార్బర్, ఇవన్నీ చాలావరకు రాష్ట్రం చేతిలోవి. వాటిని పార్లమెంటు ప్రశ్నలో కలపకండి. అవి మీ ఎచ్చెర్ల ఎమ్మెల్యే ద్వారా అసెంబ్లీలో అడిగించండి, అక్కడా ప్రశ్నోత్తరాల సమయం ఉంది.

ఇక ప్రశ్న ఎలా రాయాలో చెబుతాను. నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను, ఎందుకంటే దానివల్ల కొంతమంది రైతులు నష్టపోయారు, నాకది ఇప్పటికీ బాధే. మన ప్రాంతపు పంట ఒకదాని గురించి నేను ఇలా రాశాను: రైతులకి ప్రత్యేక సాయం ప్రకటించే ఆలోచన ప్రభుత్వానికి ఉందా; ఉంటే వివరాలేమిటి; ఎప్పటినుంచి ఇస్తారు; ఎంత ఇస్తారు. లాటరీలో తగిలింది, చాలా సంతోషించాను. జవాబు రెండు వరుసల్లో వచ్చింది. మొదటి భాగానికి "లేదు." మిగిలిన మూడింటికీ కలిపి "ప్రశ్న ఉత్పన్నం కాదు." అంతే. తప్పు ఆ శాఖది కాదు, నాది. ఒక్క "లేదు"తో మూసేయగలిగేలా తలుపు నేనే కట్టి ఇచ్చాను. ఆ తర్వాత ఎప్పుడూ "ఆలోచన ఉందా" అని రాయలేదు. ఎంత, ఎన్ని, ఎప్పుడు, ఏ నిబంధన ప్రకారం అని అడిగాను. ప్రతిదాని చివరా "లేకపోతే కారణాలేమిటి" అని చేర్చాను. "లేదు" అన్నా కారణం రాయక తప్పదు.

మీ కోసం ఒకటి రాశాను. దీన్ని అలాగే వాడుకోండి, మార్చుకున్నా సరే. ప్రశ్న 150 పదాలు దాటకూడదు.

మత్స్య, పశుసంవర్ధక, పాడి పరిశ్రమ శాఖ మంత్రి తెలియజేయవలసినవి:
(అ) గత 5 ఏళ్ళలో సముద్రంలో వేటకు వెళ్ళి మరణించిన, గల్లంతైన మత్స్యకారుల సంఖ్య రాష్ట్రాలవారీగా, సంవత్సరాలవారీగా ఎంత;
(ఆ) వారిలో సొంత రాష్ట్రంలో కాక వేరే రాష్ట్రంలో రిజిస్టరైన బోట్లపై పనిచేస్తున్నవారు ఎందరు;
(ఇ) మత్స్య సంపద యోజన ప్రమాద బీమాలో అలాంటి వలస మత్స్యకారుల పేర్లు నమోదు చేయవలసిన బాధ్యత సొంత రాష్ట్రానిదా, బోటు ఉన్న రాష్ట్రానిదా;
(ఈ) గల్లంతై మృతదేహం దొరకని సందర్భాల్లో క్లెయిముకు ఏ పత్రాలు అడుగుతున్నారు; అలాంటి క్లెయిములు ఎన్ని వచ్చాయి, ఎన్ని చెల్లించారు, ఎన్ని పెండింగులో ఉన్నాయి, కారణాలేమిటి;
(ఉ) ఏడేళ్ళు ఆగకుండా ఈ కుటుంబాలకు సాయం అందేలా రాష్ట్రాలకు ఇచ్చిన ఆదేశాలేమిటి, ఇవ్వకపోతే కారణాలేమిటి?

చూశారా, ఇందులో ఎక్కడా ఏడుపు లేదు, నింద లేదు, "దారుణం" అన్న మాట లేదు. బాధ లేదని కాదు. ప్రశ్నలో వాదన, ఆరోపణ, ఎత్తిపొడుపు ఉండకూడదని సభా నియమం. అలాంటి మాట ఒక్కటి ఉన్నా దాన్ని పట్టుకుని పక్కన పెట్టేయొచ్చు. మీ అప్ప కథ ఎంపీగారికి ఇచ్చే ఉత్తరంలో రాయండి, వివరంగా రాయండి. ఆయన మనసు కదలాలంటే అదే కావాలి. ప్రశ్న కాగితం విడిగా పెట్టండి. ఇంగ్లీషులో కూడా రాసి ఇస్తే ఆఫీసులోవాళ్ళకి సగం పని తగ్గుతుంది, మీరు బీఎస్సీ చదివారు కాబట్టి కష్టం కాదు. నిజం చెప్పాలంటే, సిద్ధంగా ఉన్న ప్రశ్న చేతికొస్తే ఏ ఎంపీ ఆఫీసయినా సంతోషిస్తుంది. సమావేశాల ముందు అక్కడ పని టెన్షన్ మామూలుగా ఉండదు.

ఇదే కుదురులోంచి ఇంకో రెండు మూడు ప్రశ్నలు తీయొచ్చు. పడవలకి ఉపగ్రహం ద్వారా సమాచారం అందించే ట్రాన్స్‌పాండర్లు పెట్టడానికి 2024 ఆగస్టులో 364 కోట్ల పథకం మొదలైంది, లక్ష పడవలకి. గుజరాత్ బోట్లలో ఎన్నింటికి పెట్టారు, మనిషి నీళ్ళలో పడినప్పుడు ఆ పరికరం నుంచి వెళ్ళే ఆపద సంకేతం ఎవరికి చేరుతుంది, ఎంతసేపట్లో వెతుకులాట మొదలవుతుంది అని అడగాలి. కార్మిక శాఖని ఇంకోటి అడగొచ్చు: అసంఘటిత కార్మికుల నమోదు కోసం 2021లో పెట్టిన ఇ-శ్రమ్ పోర్టల్‌లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలనుంచి మత్స్యకార వలస కార్మికులుగా నమోదైనవాళ్ళు ఎందరు? మనవాళ్ళు ఎంతమంది వెళ్తున్నారో ప్రభుత్వం కాగితం మీద ముందు ఒప్పుకోవాలి. లెక్కలో లేనివాడికి బీమా ఎలా ఇస్తారు?

సభలో విషయం లేవనెత్తడానికి ప్రశ్న కాక ఇంకా దారులున్నాయి. లోక్‌సభలో 377 నిబంధన కింద ఎంపీ 250 పదాల్లోపు ఒక విషయాన్ని చదివి వినిపించొచ్చు, రాజ్యసభలో దాన్నే ప్రత్యేక ప్రస్తావన అంటారు. ఆ తర్వాత సంబంధిత శాఖ ఎంపీకి ఉత్తరం ద్వారా జవాబిస్తుంది. మీ అప్ప లాంటివాళ్ళ బతుకు సభలో నాలుగు మాటలు వినపడాలంటే ఇది మంచి దారి. ఇక్కడ కథ చెప్పడానికి కొంచెం చోటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు కూడా. జీరో అవర్‌లో ఆ రోజే నోటీసిచ్చి మాట్లాడతారు. వీడియో వాట్సాప్‌లో తిరుగుతుంది గానీ మంత్రి అక్కడికక్కడ జవాబు చెప్పి తీరాలని లేదు. అత్యవసర విషయం మీదికి మంత్రి దృష్టి మళ్ళించే సావధాన తీర్మానం వస్తే మంత్రి ప్రకటన చెయ్యాలి, అది దొరకడం అరుదు. వాయిదా తీర్మానాల జోలికి మీరు వెళ్ళకండి, అవి పెద్ద పార్టీల యుద్ధాలు. శుక్రవారాల్లో ప్రైవేటు మెంబరు బిల్లులు, అంటే మంత్రులు కాని ఎంపీలు తెచ్చే బిల్లులు, తీర్మానాలు వస్తాయి. స్వాతంత్ర్యం వచ్చాక చట్టాలైన ప్రైవేటు బిల్లులు 14 మాత్రమే, చివరిది 1970లో. అయినా కొన్ని విషయాలు అలా మొదలై తర్వాత ప్రభుత్వమే బిల్లు తెచ్చిన సందర్భాలున్నాయి. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల మీద ఒక ప్రైవేటు బిల్లు 2015లో రాజ్యసభలో నెగ్గింది, 2019లో ప్రభుత్వ చట్టం వచ్చింది. ఆ చట్టం మీద వాళ్ళకి అభ్యంతరాలున్నాయి, అది వేరే సంగతి.

మీ ఊరివాళ్ళే నేరుగా చెయ్యగలది ఒకటుంది, చాలామందికి తెలియదు. లోక్‌సభకీ రాజ్యసభకీ పిటిషన్ల కమిటీలు ఉన్నాయి. సభని ఉద్దేశించి పిటిషను రాసి, సంతకాలు పెట్టి, ఒక ఎంపీ చేత ప్రతిసంతకం చేయించి సభలో సమర్పించొచ్చు. అప్పుడు కమిటీ సంబంధిత శాఖని వివరణ అడుగుతుంది. నాలుగైదు ఊళ్ళ ఆడవాళ్ళు కలిసి సంతకాలు పెడితే దానికి బలం వస్తుంది. ప్రశ్నకి వచ్చిన జవాబు చూసుకున్నాక ఈ పని చెయ్యండి, ముందు కాదు.

ఎందుకంటే అసలు పని జవాబు వచ్చాకే మొదలవుతుంది. మనవాళ్ళు ఇక్కడే వదిలేస్తారు. పేపర్లో "పార్లమెంటులో ప్రస్తావించిన ఎంపీ" అని వార్త వస్తుంది, ఫొటో వస్తుంది, అయిపోయిందనుకుంటారు. జవాబు తెరిచి ఒక్కో భాగం చదవండి. "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" అని ఉందా? "విషయం పరిశీలనలో ఉంది" అని ఉందా? వినడానికి తప్పించుకునే మాటల్లా ఉంటాయి. కానీ సభా పద్ధతిలో ఆ మాటలు హామీ కింద లెక్క. ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటుంది, లోక్‌సభలో 1953 నుంచి పనిచేస్తోంది. అలాంటి మాటలన్నీ ఏరి, మూడు నెలల్లో నెరవేర్చారా లేదా అని శాఖల వెంట పడుతుంది. కాబట్టి "పరిశీలనలో ఉంది" అని వస్తే నిరాశపడకండి. తేదీ రాసుకోండి. మూడు నెలలు దాటాక ఎంపీగారికి గుర్తుచెయ్యండి. జవాబు చాలకపోతే దాని మీదే అరగంట చర్చ అడగొచ్చు. 1957లో ఎల్‌ఐసీ డబ్బు ముంద్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లలోకి ఎలా వెళ్ళిందన్న సంగతి కూడా సభలో ప్రశ్నలతోనే మొదలైంది. వచ్చిన జవాబు చాలక ఎంపీ ఫిరోజ్ గాంధీ వదలకుండా తవ్వారు. మరుసటి ఏడాది ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు.

అడిగితే కడుపు నిండుతుందా అన్నవాళ్ళకి ఏం చెప్పాలి? నిజమే చెప్పండి, వెంటనే నిండదు. ఒక్క ప్రశ్నతో మీ అప్పకి 5 లక్షలు వస్తాయని నేను అనను. 2018 నవంబరులో మన రెండు జిల్లాల మత్స్యకారులు గుజరాత్ బోట్లమీద వేటాడుతూ పాకిస్తాన్‌కి పట్టుబడ్డారు, మీ మండలం పక్క ఊళ్ళవాళ్ళే మీకు చెప్పగలరు. 2020 జనవరి 6న వాఘా సరిహద్దు దగ్గర 20 మంది మన నేల మీద అడుగుపెట్టారు. పదమూడు నెలలకి పైగా పట్టింది. అది ఏ ఒక్కరి పుణ్యమో కాదు. ఆ ఇళ్ళ ఆడవాళ్ళ తిరుగుడు, పేపర్లు, ఎంపీలు, ప్రభుత్వాలు, దౌత్యం అన్నీ కలిశాయి. రెండు దేశాలూ 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు మార్చుకుంటాయి. ఆ జాబితాల్లో మత్స్యకారులు ఎందరో ఎంపీలు సభలో పదేపదే అడుగుతూ ఉండబట్టే అది అందరికీ తెలిసిన లెక్కగా నిలిచింది. ఉద్దానం కిడ్నీ జబ్బు కూడా అంతే. ఎన్నో ఏళ్ళు అడగ్గా అడగ్గా, డాక్టర్లు, విలేకరులు రాయగా రాయగా, పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు. ఈలోగా ఎంతమంది పోయారో మనకి తెలుసు. ఆలస్యం నాకూ కోపం తెప్పిస్తుంది. కానీ అడగని ఊరికి ఆ ఆలస్యంతో కూడా ఏమీ రాలేదు, అది కూడా నేను చూశాను.

బోటు ఓనర్ల భయం గురించి మీరు రాసింది తేలిగ్గా తీసుకోవాల్సింది కాదు. అడ్వాన్సు తీసుకున్న ఇంట్లో ఆ భయం ఎంతుంటుందో నేను ఊహించగలను. అందుకే ప్రశ్న దారి మీకు మంచిది. సభలో అడిగేది ఎంపీ, జవాబు ఇచ్చేది మంత్రి. మీ ఊరి పేరు గానీ, మనిషి పేరు గానీ, బోటు పేరు గానీ అందులో ఉండదు. పైన నేను రాసిన ప్రశ్నలో గుజరాత్ అన్న మాట కూడా లేదు, కావాలనే రాయలేదు. ఓనర్లకి కూడా ఇందులో నష్టం లేదు, తన బోటు మీద మనిషి పోతే బీమా స్పష్టంగా ఉండటం వాళ్ళకీ మంచిదే. తండేళ్ళతో (బోటు నడిపించే పెద్దలతో) ఈ మాట చెప్పించండి, వాళ్ళు చెబితే ఊరు వింటుంది.

ఇక ఎప్పుడు ఏం చెయ్యాలి? మీ మగవాళ్ళు ఎండాకాలంలో ఇంటికి వస్తారు, సీజను మళ్ళీ ఆగస్టులో మొదలు. పార్లమెంటు వర్షాకాల సమావేశాలు మామూలుగా జులైలో మొదలవుతాయి. అంటే వాళ్ళు ఊర్లో ఉన్న మే, జూన్ నెలలే మీకు పని నెలలు. ఊర్లోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ గత పదేళ్ళలో సముద్రంలో పోయినవాళ్ళ జాబితా రాయండి. పేరు, వయసు, ఏ తేదీన, ఏ రేవు బోటు, శవం దొరికిందా లేదా, పోలీసు ఫిర్యాదు ఎక్కడ ఇచ్చారు, క్లెయిము పెట్టారా, ఏమని తిప్పి పంపారు. ఒక నోటుబుక్కు చాలు. అదే బోటు మీద ఉన్న తోటివాళ్ళు ఊర్లో ఉండగానే ఏం జరిగిందో వాళ్ళ చేత రాయించి సంతకం పెట్టించండి, మళ్ళీ వెళ్ళిపోతే దొరకరు. జూన్ రెండో వారంలోపు ఉత్తరం, ప్రశ్న, జాబితా మూడూ కలిపి విజయనగరంలో ఎంపీగారి ఆఫీసులో ఇచ్చి, తీసుకున్నట్టు మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. అదే కట్ట ఒక రాజ్యసభ సభ్యుడికి స్పీడ్ పోస్టులో పంపండి.

మీ అప్ప దగ్గర బావ ఆధార్, మత్స్యకారుడి గుర్తింపు కార్డు, బోటు ఓనరు ఇచ్చిన కాగితాలు, ఫిర్యాదు రసీదు ఏవి ఉన్నా అన్నీ మూడేసి జిరాక్సులు తీయించండి. ఒరిజినల్ ఎవరు అడిగినా చేతికి ఇవ్వకండి, చూపించి వెనక్కి తీసుకోండి. జవాబు వచ్చిన రోజు దాన్ని నాకు పంపండి, ఒక్కో భాగం కలిసి చదువుదాం.